ఆకుపచ్చ మ్యాప్‌లో అర్ధరాత్రి కనిపించదు

మా అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది: "హైదరాబాద్ ఏక్యూఐ 85, ఆకుపచ్చే. శాటిలైట్ మ్యాప్‌లో ఫ్యాక్టరీల దగ్గర ఎర్రమచ్చ లేదు. చిమ్నీలకు ఆన్‌లైన్ మీటర్లున్నాయి. ఉన్న కాలుష్యమంతా బండ్లదే. వాసన వాసనే, విషం కాదు." బాచుపల్లిలో రాత్రి పదకొండు దాటితే మందుల ఫ్యాక్టరీల ఘాటుకు కిటికీలు మూసుకునేవాణ్ని కాబట్టి జవాబు చెప్పాలనిపించింది.

ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీలో లెక్కించేవి 8: రెండు రకాల ధూళి కణాలు, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మందుల ఫ్యాక్టరీల్లో వాడే టొలీన్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్ల (పదార్థాలను కరిగించే ద్రవాల) ఆవిరి అందులో లేనే లేదు. లెక్కలో లేనిది ఎంత పెరిగినా అంకె కదలదు.

ఇక శాటిలైట్. ఇలాంటి మ్యాపులు ఎక్కువగా 2017లో యూరప్ ప్రయోగించిన సెంటినెల్-5పీ నుంచి వస్తాయి. దాని గడి, అంటే ఒక్క అంకెతో చూపే నేల ముక్క, సుమారు 5.5 కిలోమీటర్లు పొడవు, 3.5 వెడల్పు. జీడిమెట్ల పారిశ్రామిక ఎస్టేటూ, దాని చుట్టూ ఉన్న కాలనీలూ ఒకే గడిలో కలిసిపోవచ్చు. పైగా అది మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. మాకు ఘాటు వచ్చేది అర్ధరాత్రి. చలికాలం రాత్రుళ్లు నేల దగ్గరి గాలి చల్లబడుతుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది, వదిలిన ఆవిరికి పైకి పోయే దారి ఉండదు. ఎండెక్కాక అంతా చెదిరిపోతుంది. అప్పుడు తీసిన ఫొటో పట్టుకుని రాత్రి ఏమీ జరగలేదంటే ఎలా?

మందుల పరిశ్రమ సహా 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. మంచిదే. కానీ చిమ్నీ మీటరు చిమ్నీలోంచి పోయేదాన్నే కొలుస్తుంది. తెరిచిన డ్రమ్ముకూ, కారే పంపుకూ, వ్యర్థజలాల ట్యాంకుకూ చిమ్నీ ఎక్కడిది?

బండ్ల మాటలో కొంత నిజముంది. నగరం మొత్తమ్మీద ధూళికి అవీ, రోడ్ల దుమ్మూ పెద్ద కారణాలే. అయితే బొల్లారం పారిశ్రామికవాడ పక్కన ఉండేవాళ్లు పీల్చేది నగర సగటును కాదు.

ఎక్కడివాళ్లు ఏం పీలుస్తున్నారో గడి చిన్నదైతేనే తేలుతుంది. ఎక్కడ ఎంత పొగ వెలువడుతుందో అంచనా వేసే, ప్రపంచమంతా వాడే ఎడ్గార్ ఉద్గారాల పట్టికలో ఒక గడి 0.1 డిగ్రీ, అంటే మన దగ్గర ఒక్కో వైపు దాదాపు 11 కిలోమీటర్లు. ఇలాంటి పట్టికల్లో ఫ్యాక్టరీ సరిగ్గా ఎక్కడుందో తెలియనప్పుడు దాని పొగను జనాభాను బట్టి పంచేస్తుంటారు. అలా బొల్లారం పొగ కూకట్‌పల్లి ఫ్లాట్ల లెక్కలో పడొచ్చు. వీధి స్థాయి మ్యాప్‌కు ఒక్కో బాయిలర్ చోటు, అందులో వేసేది బొగ్గా, ఊకా, ఫర్నేస్ ఆయిలా, చిమ్నీ ఎత్తెంత, నడిచేది ఏ షిఫ్టులో అన్నవి కావాలి. చాలావరకు అనుమతి దరఖాస్తుల్లోనే దొరుకుతాయి. షిఫ్టు సంగతంటారా, మా వాచ్‌మన్‌ను అడిగినా చెబుతాడు.