సూచీగారి నిత్యయవ్వనం

వార్ధక్యం సోకనిది ఈ దేశంలో ఒక్కటే ఉన్నదనీ, అది బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి వారి సెన్సెక్స్, అంటే ముప్ఫై పెద్ద కంపెనీల షేర్ల ధరల పోకడ చెప్పే సూచీ, అనీ సవినయంగా మనవి చేస్తున్నాను. 1978-79ని ఆధారంగా పెట్టుకుని 100 దగ్గర లెక్క మొదలుపెట్టిన ఈ అంకె 2024లో 85,000 దాటింది. చక్రవడ్డీలోకి మారిస్తే ఏటా 16 శాతం దాకా వస్తుంది. మా బాబాయి ఈ లెక్కను పెళ్లి బంతిలో, పప్పులోకి నెయ్యి వచ్చేలోపల చెప్పి ముగించగలడు. "మీ తాతయ్య ఆనాడు పదివేలు పడేసి ఉంటే ఈపాటికి ఎనభై అయిదు లక్షలురా!" తాతయ్య దగ్గర ఆనాడు పదివేలు లేవన్నది చిన్న సంగతి. అసలు సెన్సెక్సే లేదు. అది లోకానికి కనబడింది 1986 జనవరిలో, జాతకం మాత్రం ఏడేళ్లు వెనక్కి జరిపి రాయించుకుంది.

ఇంతటి ఆరోగ్యానికి రహస్యమేమిటని విచారించగా, దయలేకపోవడమని తేలింది. సూచీ ఇంట్లో ఎప్పుడూ ముప్ఫై విస్తళ్లే వేస్తారు. చిక్కిపోయినవాణ్ణి లేపి పంపించి, ఆ విస్తరి ముందు ఏపుగా ఎదుగుతున్నవాణ్ణి కూర్చోబెడతారు. ఖాతాల్లో చూపిన వేల కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ అధిపతి ఉత్తరం రాసిన రోజున ఆ షేరు మూడొంతులు కరిగిపోయింది, ఆ దెబ్బ సూచీకీ తగిలింది. కానీ హైదరాబాదు ఇంకా తేరుకోకముందే, ఆ నెలలోనే, సూచీ సత్యం పేరు కొట్టేసి సన్ ఫార్మా పేరు రాసుకుని తన దారిన తాను పోయింది.

సూచీలో ఉన్న కంపెనీల షేర్లన్నీ అదే పాళ్లలో కొనిపెట్టే ఇండెక్స్ ఫండు కొన్నవారికి ఈ కాఠిన్యం ఏ శ్రమా లేకుండా దక్కుతుంది. బాబాయి కొనలేదు. సొంత బుర్ర ఉన్నవాడు ముప్ఫైమందినీ ఎందుకు పోషిస్తాడు?

దీర్ఘకాలమంటే ఎంతకాలమని పెద్దలను అడగడం మర్యాద కాదు. షేర్ల కుంభకోణంతో పేరుమోసిన బ్రోకరు హర్షద్ మెహతా హయాంలో, 1992 ఏప్రిల్‌లో, సెన్సెక్స్ 4,400 దాటినప్పుడు కొన్నవాడికి 2003 ఏప్రిల్‌లో 3,000 దరిదాపుల్లోని అంకె కనబడింది. పదకొండేళ్లంటే, కొన్ననాడు ఇంటరు చదువుతున్న కూతురికి పెళ్లయి, ఆమె కొడుకు బడికి వెళ్లే కాలం. (మధ్యలో అందిన డివిడెండ్లు, అంటే కంపెనీలు పంచిన లాభాలు, ఆ అంకెలో కలవవు గనుక కొంత ఓదార్పు ఉన్నది.) ఆ తరువాత అయిదేళ్లయినా తిరగకుండా, 2008 జనవరిలో, అదే సూచీ 21,000 తాకింది. ఓపిక పట్టమని అందరికీ చెప్పే బాబాయి 2003లో విసిగి అమ్మి, 2008 జనవరిలో ఉత్సాహంగా కొన్నాడు. అక్టోబరులో అది 8,000 కిందికి దిగింది.

అమ్మడానికి మనసొప్పని షేరు కాగితాలు కొన్ని ఆయన బీరువాలో, చెదలు పట్టకుండా కర్పూరం ఉండలు వేసిన రెక్సిన్ సంచిలో, నేటికీ ఉన్నాయి. వాటిలో ఒక కంపెనీ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు వెలిసింది. మొన్న మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లి అందులోనే జరిగింది. నెయ్యి రావడం కాస్త ఆలస్యమైంది కాబట్టి, బాబాయి ఆ లెక్క రెండుసార్లు చెప్పాడు.