అరెస్టు గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

స్టేషన్ రికార్డులో రాసినప్పుడే అరెస్టు అయినట్టని ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదు. అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 43వ సెక్షన్ (పాత సీఆర్పీసీ 46) ప్రకారం పోలీసు మనిషిని తాకడమో, కదలకుండా నిర్బంధించడమో చేయాలి. మాటతోనో చర్యతోనో తనే లొంగిపోతే అదీ అక్కర్లేదు. బేడీలు వేస్తేనే అరెస్టు అన్నది సినిమా లెక్క.

అరెస్టు, కస్టడీ ఒకటి కావని 1994లో దీపక్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి అరెస్టులో కస్టడీ ఉంటుంది, ప్రతి కస్టడీ అరెస్టు కాదు. నేరుగా కోర్టులో లొంగిపోయినవాడు పోలీసు చెయ్యి పడకుండానే కస్టడీలో ఉన్నట్టు.

అసలు తిరకాసు టైములో ఉంది. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుకు తేవాలి, ప్రయాణ సమయం మినహాయించి. పొద్దున పట్టుకొచ్చి "విచారణకు పిలిచాం" అంటూ కూర్చోబెట్టి, అరెస్టు మెమోలో (అరెస్టు వివరాలు రాసే కాగితంలో) రాత్రి టైము వేస్తే సగం రోజు గల్లంతే. అందుకే మెమోలో తేదీ, సమయం చూశాకే సంతకం పెట్టాలి. దాని మీద కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతపు గౌరవనీయుడో సాక్షిగా సంతకం చేయాలి. టైము తేడా ఉంటే రిమాండ్ సమయంలోనే మేజిస్ట్రేటుకు చెప్పి రికార్డు చేయించాలి. తర్వాత చెబితే బలం తగ్గుతుంది.

ఇంకోటి, అరెస్టు మెమో వేరు, అరెస్టుకు కారణాలు వేరు. "ఫలానా సెక్షన్ కింద" అని రాస్తే కారణం చెప్పినట్టు కాదు. ఈ తేడా దగ్గరే 2024లో న్యూస్‌క్లిక్ వార్తా సైటు వ్యవస్థాపకుడు ప్రబీర్ పురకాయస్థ అరెస్టు చెల్లకుండా పోయింది.