గడప దాకా వెళ్లిన వైద్యం: శ్రీలంక తల్లులు ఎలా బతికారు?

1930లలో సిలోన్‌లో, అంటే నేటి శ్రీలంకలో, కాన్పు నిజంగానే గండం. లక్ష ప్రసవాలకు 2,000 మందికి పైగా తల్లులు చనిపోయేవారు. అంటే యాభై కాన్పులకు ఒక తల్లి. ఇప్పటి శ్రీలంకలో ఆ లెక్క మామూలు సంవత్సరాల్లో 40 లోపే ఉంటోంది. చిన్న ద్వీపం కాబట్టి సాధ్యమైందనే వాదన నిలవదు. 1934-35లో అదే చిన్న ద్వీపంలో మలేరియా దాదాపు 80 వేల మందిని పొట్టనబెట్టుకుంది.

ఆసుపత్రి కట్టి కూర్చుంటే చాలదని ముందే గ్రహించినవారు డాక్టర్ మేరీ రత్నం. కెనడాలోని ఒంటారియోలో పుట్టి, టొరంటోలో వైద్యం చదివి, 1896లో సిలోన్ వచ్చారు. తమిళుణ్ని పెళ్లాడారన్న కారణంతో క్రైస్తవ మిషన్ ఆమెను వద్దంది. కొలంబోలోని లేడీ హావ్‌లాక్ మహిళా ఆసుపత్రిలో కొంతకాలం చేసి, తర్వాత సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. కానీ గదిలో కూర్చున్న డాక్టరు ఎంత గొప్పవారైనా వచ్చినవాళ్లనే చూడగలరు. అందుకే 1930లో, ఒంటారియో పల్లెల్లోని మహిళా సంఘాల పద్ధతిలో, లంకా మహిళా సమితిని మొదలుపెట్టారు. పరిశుభ్రత, తిండి, పిల్లల పెంపకం పల్లె ఆడవాళ్లే కూడి నేర్చుకునే సంఘాలవి. 1937లో, ఎంత వ్యతిరేకత ఉన్నా, కుటుంబ నియంత్రణ క్లినిక్ తెరిచారు.

ఆ క్లినిక్‌కీ తల్లుల మరణాలకీ సంబంధమేమిటంటే, రక్తం. హిమోగ్లోబిన్ 11 గ్రాములున్న తల్లి కాన్పులో అర లీటరు రక్తం పోయినా తట్టుకుంటుంది. 7 గ్రాములున్న తల్లి కుప్పకూలిపోవచ్చు. మలేరియా, పేగుల్లోని కొంకి పురుగులు, ఎడం లేని కాన్పులు కలిసి రక్తాన్ని పీల్చేస్తుంటే మంత్రసాని చేతిలో ఏముంటుంది? 1946 నుంచి డీడీటీ అనే దోమల మందు చల్లడంతో మలేరియా తగ్గింది. ఆ వెంటనే కొన్నేళ్లలో తల్లుల మరణాలు సగానికి పడిపోవడంలో ఆ చల్లడానికీ వాటా ఉంది.

అయితే అసలు బరువు మోసింది మిడ్‌వైఫ్, అంటే శిక్షణ పొందిన ప్రభుత్వ మంత్రసాని. 1926లో కళుతరలో తొలి హెల్త్ యూనిట్ పెట్టి, ఊళ్లను వాటాలు వేసి ఒక్కొక్కరికి అప్పగించారు. ఇప్పుడు ఒక్కో మిడ్‌వైఫ్‌కు 3,000 నుంచి 5,000 జనాభా. శిక్షణ ఏడాదిన్నర. కడుపుతో ఉన్నామె పేరు ఎనిమిది వారాల్లోపే రిజిస్టర్లో పడాలి. కార్డు తల్లి దగ్గరే ఉంటుంది, ఏ ఆసుపత్రికి పోయినా చూపించవచ్చు.

కాన్పయ్యాక మొదటి పది రోజుల్లో మిడ్‌వైఫ్ రెండుసార్లు ఇంటికి వెళ్తుంది. జ్వరం చూస్తుంది. బొడ్డు కింద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిగా ఉందా, రోజురోజుకీ దిగుతోందా అని నొక్కి చూస్తుంది. గుడ్డ అడిగి తీయించి రంగు, వాసన చూస్తుంది. కంపు కొడుతుంటే లోపల చీము పడుతున్నట్టు. కాళ్ల వాపు, తలనొప్పి ఉంటే బీపీ చూస్తుంది. 140/90 దాటితే ఆలస్యం చేయకుండా పంపిస్తుంది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం కాన్పయ్యాక కూడా వస్తుందని ఇళ్లల్లో చాలామందికి తెలియదు. ఇక రక్తం ఎక్కించడం, సిజేరియన్ ఆమె పని కాదు. అందుకు ఆసుపత్రి ఉండాల్సిందే. కానీ వేళకు అక్కడికి పంపే మనిషి ఊళ్లో లేకపోతే ఆ ఆసుపత్రి ఉండీ ఏం లాభం?

మన దేశంలో ఏఎన్‌ఎం ఉపకేంద్రానికి లెక్క కూడా మైదానంలో 5,000, ఏజెన్సీలో 3,000. అంకె ఒకటే. కానీ మన ఏఎన్‌ఎం నెత్తిన టీకాలు, సర్వేలు, బీపీ-షుగర్ జాబితాలు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఉన్నాయి. బాలింత పొట్ట మీద చెయ్యి పెట్టి చూసే పది నిమిషాలు ఎక్కణ్నుంచి వస్తాయి? కాన్పు ఆసుపత్రిలో అయిందా లేదా అన్నదే ఎక్కువగా లెక్కపెడుతున్నాం. మూడో రోజు ఇంటికొచ్చాక ఏమైందో ఎంతమంది అడుగుతున్నారు?

శ్రీలంకలో కూడా ఈ వరస అందరికీ ఒకేసారి అందలేదు. తేయాకు తోటల తమిళ కూలీల వైద్యం దశాబ్దాలపాటు తోటల యాజమాన్యాల చేతుల్లోనే ఉండిపోయింది. ప్రభుత్వ మిడ్‌వైఫ్ ఆ కూలీల వరస ఇళ్ల గడప తొక్కడం ఆలస్యమైంది. తల్లీబిడ్డల ఆరోగ్యంలో మిగతా దేశం కంటే ఆ తోటలు ఏళ్ల తరబడి వెనకబడటానికి ఇదీ ఒక కారణం.