మూడు సెంటీమీటర్ల దుప్పటి

మా డాబా మీద తెల్లటి పుట్టగొడుగు మొలిచిందని మొదట కనిపెట్టింది ఎదురింటాయన. "సెల్ టవరా అండీ? నెలకి అద్దె ఎంతిస్తున్నారు?" అని గేటు దగ్గరే ఆపి అడిగాడు. టవర్ కాదండీ, ఉపగ్రహాల సిగ్నల్ పట్టే యాంటెన్నా, స్థలాలు కొలవడానికి, అన్నాను. అద్దె రాదని తెలిశాక ఆయన మళ్ళీ పైకి చూడలేదు.

మాది సర్వే పని. నేనూ, మా బావమరిదీ కలిసి చేసుకుంటాం. ఫోన్‌లో ఉండే జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. బిర్యానీ తెచ్చే కుర్రాడికి అది చాలు. హద్దురాయికి చాలదు. విశాఖలో మా ఎంవీపీ కాలనీలో నాలుగు మీటర్ల తేడా అంటే మన మంచం పక్కింటివాళ్ళ వంటింట్లో వేసినట్టే. అందుకని మేం రెండు రిసీవర్లు వాడతాం. ఒకటి బేస్, కదలకుండా ఒకచోట ఉంటుంది. రెండోది రోవర్, కర్రకి బిగించి పొలాల్లో తిప్పుతాం. బేస్‌కి తానున్న చోటు ముందే కచ్చితంగా తెలుసు కాబట్టి, పైనుంచి వచ్చే సిగ్నల్‌లో ఇవాళ తప్పెంతో లెక్కకట్టి రోవర్ చెవిలో వేస్తూ ఉంటుంది. అలా 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో కింద ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా కొలవొచ్చు.

ఇన్నాళ్ళూ ఆ బేస్‌ని రోజూ సైట్‌కి మోసుకెళ్ళి, స్టాండు మీద పెట్టి, దాని పక్కన గొడుగుతో ఒక మనిషిని కాపలా కూర్చోబెట్టేవాళ్ళం. ఆ కూలి మిగుల్చుదామని ఈమధ్య దాన్ని మా ఇంటి డాబా మీదే శాశ్వతంగా పెట్టేశాను. రెండు మీటర్ల జీఐ పైపు పిట్టగోడకి క్లాంపులు వేసి బిగించి, దాని తలమీద యాంటెన్నా పెట్టాను. రిసీవర్ పెట్టె మెట్లగదిలో, అక్కణ్ణుంచి కేబుల్ కిందికి హాల్లో రౌటర్‌కి. ఇక అంతా నెట్ మీదే. బ్రౌజర్లో దాని అడ్రస్ కొడితే పేజీ తెరుచుకుంటుంది, సోఫాలో కూర్చుని సెట్టింగులు మార్చుకోవచ్చు. సోఫాలో కూర్చోవడమే కొంప ముంచింది.

ఆ ఆదివారం నేను మార్చబోయింది ఒకే ఒక్క సెట్టింగు. రౌటర్ ఆ రిసీవర్‌కి తనకి తోచిన ఐపీ అడ్రస్ ఇస్తోంది, అంటే ఇంటి నెట్‌లో దాని డోర్ నంబరన్నమాట; కరెంటు పోయి వస్తే అది మారిపోవచ్చు. మధురవాడ సైట్‌లో ఎండలో నించుని దాన్ని వెతుక్కోలేం కదా. స్థిరంగా 192.168.1.11 అని ఇచ్చేద్దామనుకున్నాను. టిఫిన్ తింటూ ఒక చేత్తో కొట్టాను. పెసరట్టు చెయ్యి ఖాళీగా లేదు. చివరి ఒకటి పడలేదు. పడలేదన్న సంగతి చూడకుండా ఓకే నొక్కాను.

పేజీ పోయింది. పోవాలి కూడా, ఇల్లు మారినవాళ్ళ పాత తలుపు కొడితే ఎవరు తీస్తారు? కొత్త తలుపు కొట్టాను, 11. అక్కడా ఎవరూ లేరు.

ఇంతలో హాల్లోంచి మా అత్తగారు: "బాబూ, ఈ టీవీకి ఏటైంది? ఆ పిల్ల తాళి కట్టించుకోబోతూ అలా ఉండిపోయింది." తెర మీద పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది, దాని మీద గుండ్రంగా చుక్కలు తిరుగుతున్నాయి. లోపల్నుంచి మా ఆవిడ: "ఏవండీ, వీడియో కాల్ కట్ అయిపోయింది." కాసేపు నెట్ వస్తుంది, కాసేపు పోతుంది. నేను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా నెట్ కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. నెల నెలా డబ్బు కట్టేవాళ్ళం అని కూడా గుర్తు చేశాను.

గంటలో కుర్రాడొచ్చాడు. రౌటర్ ఆపి వేశాడు. పిన్ను తీసి తుడిచి పెట్టాడు. "ఏటి సార్, లైట్లన్నీ గ్రీన్‌గానే ఉన్నాయి కదా" అన్నాడు. వెనక గుచ్చిన కేబుళ్ళు చూసి, "ఇదేటి సార్, పైకెళ్తోంది?" అని అడిగాడు. అది మా ఆఫీసు సామాను, దాన్ని కదపకు అన్నాను, కాస్త గొప్పగానే. సరే అని వాడు తన ఫోన్లో రౌటర్ పేజీ చూద్దామని 192.168.1.1 కొట్టాడు. ఫోన్‌ని దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు.

"సార్, మీ రౌటర్‌లో ఆకాశం కనిపిస్తోంది."

చూశాను. గుండ్రటి చక్రం, దాని నిండా పచ్చటి చుక్కలు, చుక్కకో నంబరు, ఒక్కో చుక్కా ఒక్కో ఉపగ్రహం. మా రిసీవరే. రౌటర్ ఎప్పుడూ ఉండే అడ్రస్ 192.168.1.1. నా పెసరట్టు పుణ్యమా అని రిసీవర్ కూడా అదే డోర్ నంబరు బోర్డు తగిలించుకుని కూర్చుంది. ఇంట్లో ఫోన్లూ టీవీ "గుమ్మం ఎక్కడ?" అని అరిస్తే ఇద్దరూ "ఇక్కడే" అంటున్నారు. రౌటర్ వైపు వెళ్ళిన ఉత్తరం ఊరు చేరుతోంది. రిసీవర్ దగ్గరికి వెళ్ళింది అక్కడే ఆగిపోతోంది. దానికి ఉపగ్రహాల గొడవ తప్ప సీరియళ్ళ గొడవ ఏం తెలుసు?

మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి ఆ చక్రం చూశారు. "ఎవరి జాతకం బాబూ ఇది? పడమట ఒకటీ లేదేటి?" పడమట మా వాటర్ ట్యాంకు అడ్డం. అయినా ఆవిడ అన్నది మరీ తప్పేం కాదు. ఉపగ్రహాలు నిజంగానే పంచాంగం చదువుతాయి. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన సంగతితోపాటు మిగతావాళ్ళు ఏ కక్ష్యలో ఎక్కడుంటారో కూడా వరసగా చెబుతూ పోతుంది. ఆ చదువు మొత్తం వినడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఉగాది నాడు మన సిద్ధాంతిగారు ఇంకా ఎక్కువ తీసుకుంటారు.

కేబుల్ పీకగానే పెళ్ళి జరిగిపోయింది. ఆ కేబుల్‌ని నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చి అడ్రస్ సరిచేస్తే అయిపోతుంది, కానీ మా కొత్త లాప్‌టాప్ సన్నగా అందంగా ఉంటుంది, కేబుల్ గుచ్చడానికి చోటు ఉండదు. డాబాగార్డెన్స్ వెళ్ళి దానికో అడాప్టర్ కొనుక్కొచ్చాను. నెట్ కుర్రాడు టీ తాగి, "కంప్లైంట్ క్లోజ్ చెయ్యాలి సార్, కారణం ఏటి రాయమంటారు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. వాడే "కేబుల్ లూజ్" అని రాసుకుని వెళ్ళిపోయాడు. మంచివాడు.

ఆ సాయంత్రమే బేస్ ఉన్న చోటు అంకెలు కూడా ఎక్కించాను. సర్వే ఆఫ్ ఇండియా శాశ్వత స్టేషన్ల డేటా తెచ్చుకుని జాగ్రత్తగా లెక్కకట్టినవి. విశాఖ అక్షాంశం 17.7, రేఖాంశం 83.3 చిల్లర. గళ్ళు రెండూ పక్కపక్కన ఉంటాయి. తారుమారుగా కొట్టాను. నేను చెప్పిన లెక్క ప్రకారం మా డాబా స్వాల్‌బార్డ్ దీవులకి కూడా పైన, ఆర్కిటిక్ సముద్రంలో మంచు మీద ఉంది. బనియన్ చెమటకి వీపుకంటుకుని ఉంది. రిసీవర్ ఒప్పుకోలేదు, ఎర్రగా వార్నింగ్ ఇచ్చింది. అది మాత్రం రెండు నిమిషాల్లో సరిచేశాను.

సోమవారం మధురవాడలో పని మొదలైంది. బావమరిది రోవర్ పట్టుకున్నాడు, నిమిషంలో ఫిక్స్ వచ్చింది, అంటే సెంటీమీటర్ల లెక్క కుదిరింది. పది దాకా బ్రహ్మాండం. పది దాటాక అలవాటు కొద్దీ పొద్దున కొలిచిన రాయినే మళ్ళీ కొలిచాం. మూడు సెంటీమీటర్లు తూర్పుకి జరిగింది. ఇంకో రాయి, అదీ అంతే. మధ్యాహ్నానికి రెండు సెంటీమీటర్లు, నాలుగింటికి అన్నీ బుద్ధిగా ఎక్కడివక్కడికి వచ్చేశాయి. మంగళ, బుధవారాలు ఏ తేడా లేదు. గురువారం పదింటికి లేఅవుట్ మొత్తం మళ్ళీ సముద్రం వైపు బయల్దేరింది.

"అయనోస్ఫియర్" అన్నాను. పైన విద్యుత్ కణాల పొర ఉంటుంది, సిగ్నల్ దాంట్లోంచి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది, ఎండ ఎక్కేకొద్దీ ఆ పొర ముదురుతుంది, మన దేశం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి మనకి ఆ బాధ ఎక్కువ అని వేపచెట్టు కింద నించుని అరగంట చెప్పాను. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. బావమరిది అంతా విని, "మరి దానికి సోమవారం, గురువారమే కుదురుతుందా బావా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి డాబా ఎక్కాను. మెట్లగది కొక్కెం నుంచి మా జీఐ పైపు దాకా నైలాన్ తాడు బిగించి కట్టి ఉంది. దాని మీద రెండు డబుల్ కాట్ దుప్పట్లు, ఒక బొంత, చివర్లోంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతూ. పైపు పడమరకి వినయంగా వంగి ఉంది. బేస్ వంగింది పడమరకి, వంగినట్టు దానికి ఎవరూ చెప్పలేదు, అందుకని అక్కడ రాళ్ళన్నీ తూర్పుకి నడిచాయి. బట్టలు ఆరేకొద్దీ పైపు లేస్తోంది, పైపు లేచేకొద్దీ రాళ్ళు ఇంటికొస్తున్నాయి.

"ఇంత గట్టి కర్ర ఊరికే నిలబెట్టేశారు, దండేనికి పనికొస్తాదని కట్టాను బాబూ" అన్నారు మా అత్తగారు. ఆవిడ ముందు నేను అయనోస్ఫియర్ ఊసెత్తలేదు.

తాడు విప్పి ట్యాంకు స్టాండుకి కట్టాను. కానీ అక్కడ ఎండ రాదట. వారం తిరక్కుండా అది మళ్ళీ పైపు మీదికి వచ్చేసింది. ఇప్పుడు సైట్‌లో రోవర్ ఆన్ చేసే ముందు ఇంటికి ఫోన్ చేస్తున్నాం.

"అత్తయ్యగారూ, ఇవాళ దుప్పట్లా?"

"లేదు బాబూ, ఒట్టి తువ్వాళ్ళే. కొలుచుకోండి."