సుత్తి గారికి, కారు ముందు సీటు నుంచి

మహారాజశ్రీ సుత్తి గారికి,

కారు ముందు సీట్లో కూర్చునేవాళ్లు నమస్కరించి రాయునది ఏమనగా... ఈ 'రాయు' అన్న చోటే, ఆదివారమైతే రాళ్లు ఏరే హాబీ ఉన్న మీ యజమాని చెవులు నిక్కబొడుచుకుంటాయి. కంగారు పడొద్దని చెప్పండి. ఇది రాసేది, ఏరేది కాదు.

ఇక్కడ మేం క్షేమం. కిటికీకి చున్నీ అడ్డం పెట్టుకుని, ఎనిమిదింటికి "పది నిమిషాల్లో వచ్చేస్తా" అని దిగిన మనిషి కోసం పదిన్నరకి ఎదురు చూస్తున్నాం. మీరు ఆయన బెల్టుకి వేలాడుతూ క్షేమమని తలుస్తాం. ఉభయకుశలోపరి. సుత్తి ఆవిడ చేతిలో ఉండి, ముందు సీట్లో ఆయన కునుకు తీసే ఇళ్లూ లేకపోలేదు. వాళ్ల ఫిర్యాదూ ఇదే, గురక ఒక్కటే అదనం.

రాళ్ల మీద మాకు కక్ష లేదు. తెలుగింటి పెళ్లిలో ఆడపిల్ల చేత తొక్కించేది సన్నికల్లు. ఈ రాయిలా స్థిరంగా ఉండమని మంత్రం. ఉన్నాం కదా, సీట్లోంచి కదిలామా? మా అభ్యంతరమల్లా మీ మీదే. విశాఖలో మీకు పని లేదు. రాళ్ల సంగతి మాకేం తెలుసని అనుకోకండి. సంచీ మోసిన చేతులివి.

ఈ ఊరి కొండల్లో ముఖ్యంగా కనిపించేవి రెండు రాళ్లు. ఒకటి ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండ్ తెగ పేరు మీద పెట్టిన పేరది. కైలాసగిరి, సింహాచలం కొండలు ఇదే. ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, పలుగురాయి అనే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడా మెరిసే గ్రాఫైట్ రేకులు, ఇలాంటి ఖనిజాలు కలిసిన రాయి. ఎండా వానా తిని తిని ఇందులోని ఫెల్డ్‌స్పార్ తెల్లసుద్దలా మారిపోతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి రాయంతా ఎర్రగా, పసుప్పచ్చగా మరకలు దిగుతుంది. రోడ్డు కోసం కొండ తొలిచిన చోట చూడండి. దూరానికి గోడలా నిలబడి ఉంటుంది, వేలితో నొక్కితే సున్నుండలా రాలుతుంది. కోణార్క్ గుడి కట్టిందీ ఈ రకం రాతితోనే. అక్కడి శిల్పాల ముక్కులు ఎందుకు అరిగాయో వేరే చెప్పాలా? అలాంటి రాయి మీదకి మిమ్మల్ని ఎత్తడం అంటే అరిసె విరవడానికి గునపం తేవడమే.

రెండోది చార్నకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి మీది రాయిని బట్టి 1893లో హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. నీలం కలిసిన నలుపు, పగిలిన చోట నూనె రాసినట్టు జిడ్డు మెరుపు. దీని మీద మీ 600 గ్రాముల ప్రతాపం నడవదు. గుండ్రంగా అరిగిన బండైతే మరీను. అంచు లేని రాయికి దెబ్బ పట్టదు, వేసిన దెబ్బ వేసినట్టే తిరిగొచ్చి మణికట్టు జివ్వుమనిపిస్తుంది. క్వారీ వాళ్లు మందుగుండు పెట్టేది ఊరికే కాదు.

మొదటిది మీరు లేకపోయినా రాలిపోతుంది. రెండోది మీరున్నా పగలదు. మధ్యలో మీ ఉద్యోగం ఏమిటో కాస్త చెబుదురూ!

అయినా కొట్టి తీరాలంటే మర్యాదలు కొన్ని ఉన్నాయి. మీ చదరపు ముఖంతో, రాయి అంచు మీద, మొన తేలిన చోట కొట్టాలి. ముక్కులా ఉన్న రెండో కొస పగుల్లో దూర్చి ఎత్తడానికే, కొట్టడానికి కాదు. ఒక సుత్తిని ఉలిలా పెట్టి ఇంకో సుత్తితో బాదకూడదు, ఉక్కు పెచ్చు తూటాలా లేస్తుంది. వడ్రంగి సుత్తి కూడా రాతికి పనికిరాదు. కళ్లద్దాలు చాలవు, పక్కలు కూడా మూసుకునే గాగుల్స్ కావాలి. చూస్తూ నిలబడ్డవాళ్లకి కూడా ఒక జత. ఈ రెండో జత ఏ సంచీలోనూ ఉండదన్నది గమనార్హం.

ఇంతకీ ఎక్కడ కొడతారు? ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి కూడా ఎక్కాయి. అక్కడ పిడికెడు మట్టి ఎత్తినా తప్పే. మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణాన్ని చూసి రావాలంతే. కంబాలకొండ అభయారణ్యం. డాల్ఫిన్ నోస్ దగ్గర నేవీ వాళ్లుంటారు, మిమ్మల్ని చూస్తే వాళ్ల ప్రశ్నలు వేరేగా ఉంటాయి. సింహాచలం కొండ అప్పన్నది. బొర్రా గుహల్లో సున్నపు ఊడలు చేత్తో ముట్టుకుంటేనే ఒంటి జిడ్డు అంటుకుని పాడవుతాయి, అక్కడ మీ పేరెత్తితే పాపం. ఇక నర్సీపట్నం వైపు రంగురాళ్ల గోతులు. ఆ తవ్వకాలు చట్టవిరుద్ధం, గోడలకి ఆధారం లేని గొయ్యి ఎప్పుడు కూలుతుందో తవ్వినవాడికే తెలియదు. అటువైపు టీ తాగడానికి ఆగి "ఇక్కడ రాళ్లు ఎక్కడ దొరుకుతాయండీ" అని అడగడం కూడా వద్దు. మీరు బెల్టుకి కనబడుతుండగా అసలు వద్దు.

మరి మిగిలిందేమిటంటారా? మెటల్ గుట్ట. కట్టే ఇంటి ముందు పోసిన 40 ఎంఎం కంకర మీకన్నా వెయ్యి రెట్లు బలమైన క్రషర్ పగలగొట్టి పంపిన సరుకు. ప్రతి ముక్కకీ తాజాగా పగిలిన ముఖం ఉంటుంది, ఎండకి మాసిన పై చెక్కు ఉండదు. మేస్త్రీని అడిగి గుట్ట పక్కన ఇరవై నిమిషాలు కూర్చుంటే, చార్నకైట్ జిడ్డు మెరుపూ, ఖోండలైట్‌లో శనగ గింజంత గార్నెట్లూ కనబడతాయి. కావలసింది పది రెట్లు పెద్దగా చూపే చిన్న లెన్సు. దాన్ని కంటికి ఆనించి పెట్టుకుని రాయిని దగ్గరకు తెచ్చుకోవాలి. సినిమా డిటెక్టివ్‌లా లెన్సుని రాయి మీద పెట్టి తల వెనక్కి వాల్చేవాళ్లకి మసక తప్ప ఏమీ కనబడదు. పైగా ఆ గుట్ట ఇంటి వీధిలోనే ఉంటుంది, కారు తియ్యక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. గుట్టలో దొరికిన రాయి ఆ వీధి రాయి కాదు, క్వారీది. రోడ్డు పక్కన దొరికే బరువైన ముదురు రంగు ముక్కలతోనూ ఇదే గొడవ. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైన్లో మన ఓడరేవుకి వస్తుంది. దారిలో జారిన ముక్కని పట్టుకుని "ఉల్క దొరికింది" అని రాత్రి పదకొండింటికి ఇల్లంతా లేపేవాళ్లున్నారు. బాత్రూం టైలు వెనకవైపు, నునుపు లేని చోట గీసి చూడండి. ఇటుక రంగు గీత పడితే హెమటైట్, నల్ల గీత పడి అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే మాగ్నటైట్, రెండూ ఇనుప ఖనిజాలే. ఒంటినిండా గాలిబుడగల చిల్లులుంటే అది కొలిమి చిట్టెం, ఆకాశం నుంచి రాలేదు. శిలాజాల ఆశా పెట్టుకోవద్దు. ఈ కొండలు భూమి లోపల 700 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి వచ్చినవి, నత్తగుల్ల మిగలదు.

అసలు సంగతికి వస్తున్నాం. భీమిలి వైపు తీరం. సముద్రం రెండు రోజులు పోటెత్తి తగ్గాక వెళ్తే, ఇసక మీద నల్లటి, వంగపండు రంగు చారలు కనబడతాయి. అలలు తేలికైన క్వార్ట్జ్‌ని ఈడ్చుకుపోయి, బరువైనవాటిని వదిలేస్తాయి. క్వార్ట్జ్ నీటికన్నా 2.65 రెట్లు బరువు, గార్నెట్ 4 రెట్లు, ఇల్మనైట్ అనే నల్లటి టైటానియం ఖనిజం 4.7 దాకా. ఆ చార నుంచి రెండు గుప్పిళ్లు అంచున్న స్టీలు పళ్లెంలో వేసి, నీళ్లు పోసి, పళ్లెం ఒక వైపు వంచి గుండ్రంగా తిప్పుతూ పై నీటిని అలా వదిలేస్తూ ఉండాలి. మీ యజమాని దీనికి ఇంటర్నెట్లో విదేశీ వీడియోలు చూస్తాడు. పళ్లెం మరీ నిలువుగా వంచుతాడు, సరుకంతా కాళ్ల మీద పోసుకుంటాడు.

ఈ విద్యని మన ఇళ్లల్లో గాలించడం అంటారు. రేషను బియ్యం కాలంలో ప్రతి అమ్మమ్మకీ వచ్చు. మణికట్టు మాత్రమే తిరగాలి, మోచెయ్యి కదలకూడదు. నీళ్లు ఎప్పుడూ సరుకు మీద వేలెడు ఎత్తుండాలి. ఒకేసారి వంపేయకుండా ప్రతి తిప్పుకీ కొంచెం కొంచెంగా జారవిడవాలి. బియ్యాన్ని పోనిచ్చి అడుగున రాయిని పట్టుకోవడం, క్వార్ట్జ్‌ని పోనిచ్చి అడుగున గార్నెట్‌ని పట్టుకోవడం ఒకటే పని. ఆరేడు సార్లు తిప్పేసరికి పళ్లెంలో నల్లటి ఒండు, దాని అంచున దానిమ్మ గింజల పొడిలా గార్నెట్ మిగులుతుంది. అప్పుడు "నీకు ఈ హాబీ మీద ఆసక్తి లేదుగా" అన్న మాట తిరిగి అప్పజెప్పడానికి మంచి సమయం.

ఆ ఒండుని కాగితం మీద ఆరబెట్టి అయస్కాంతం తిప్పండి. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టాలి. చుట్టకపోతే అంటిన నల్లపొడి జన్మలో వదలదు. చుడితే కవరు లాగెయ్యగానే జలజలా రాలుతుంది. మామూలు అయస్కాంతానికి మాగ్నటైట్ ఎగిరి అంటుకుంటుంది. ఇల్మనైట్ రావాలంటే పాత హార్డ్‌డిస్కులోది కావాలి. గార్నెట్ దానికి కూడా బద్ధకంగా కదులుతుంది, పిలిస్తే భోజనానికి వచ్చే మీ వాడిలా. మిగిలిన తేనె రంగు గింజల్లో మోనజైట్ ఉండొచ్చు, అందులో థోరియం ఉంటుంది, అణు ఖనిజాల జాబితాలో ఉన్న సరుకు. కాబట్టి చూడ్డం అయ్యాక మొత్తం తీరంలోనే పోసేసి పళ్లెం కడుక్కుని రావాలి. ఇంటికి తెచ్చేది ఏమీ లేదు. ఈ పద్ధతి మాకెందుకు నచ్చిందో ఇప్పటికి అర్థమై ఉండాలి.

ఎందుకంటే తెచ్చినవాటి లెక్క ఇదీ. అరచేతిలో పట్టే ముక్క, పది సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, ఐదు మందం. 400 ఘన సెంటీమీటర్లు. రాయి సాంద్రత 2.7తో గుణిస్తే కిలో 80 గ్రాములు. "నాలుగే తెచ్చా" అంటే నాలుగు కిలోల పైమాట. ఏడాదిలో ఇరవై ఆదివారాలు వేసుకోండి, అపార్ట్‌మెంట్ బాల్కనీకి ఎనభై ఆరు కిలోలు. ఇందులో చీటీ ఉన్నవి ఎన్ని? చీటీ లేని రాయి రాయి కాదు, కంకర. ఏ ఊరు, ఏ రోడ్డు, ఏ తేదీ, కొండకి అంటుకుని ఉన్నదా కింద పడి దొరికిందా, ఇవి అక్కడికక్కడే రాసి, దేనికది న్యూస్‌పేపర్లో చుట్టాలి. ఇంటికొచ్చాక రాయి మీద చుక్క వైట్‌నర్, దాని మీద సన్న పెన్నుతో నంబరు, పైన రంగులేని గోళ్లరంగు ఒక పూత. గోళ్లరంగు ఎవరిదో మీకు తెలుసు.

జేబులో మర్చిపోయిన రాయి వాషింగ్ మెషీన్ డ్రమ్ములో చేసే చప్పుడు గురించి రాయం. గ్రాఫైట్ రేకులున్న ముక్కని తడిమిన చేత్తో పొందూరు ఖద్దరు చొక్కాని సవరించిన సంగతీ రాయం. కానీ యాసిడ్ గురించి రాయక తప్పదు. క్వార్ట్జ్ మీది తుప్పు మరకకి లీటరు నీళ్లలో 50 గ్రాముల ఆక్జాలిక్ యాసిడ్, ప్లాస్టిక్ బకెట్, చేతికి గ్లౌజులు, మేడ మీద, పిల్లలకి అందకుండా ఒకటి రెండు రోజులు. అది విషం, వంటగిన్నె వాడితే ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. మెత్తబడ్డ ఖోండలైట్‌ని అందులో నానబెడితే పొద్దునకి రాయి ఉండదు, బురద ఉంటుంది. ఇక నిమ్మరసం చుక్క వేసి పొంగితే కాల్సైట్ అనే సున్నపురాతి ఖనిజమని తెలుసుకునే పరీక్ష మంచిదే. దాన్ని దేవుడి మందిరం పాలరాతి మీద చేసి చూపించక్కర్లేదు. పొంగుతుంది, నిజమే. మచ్చ కూడా నిజమే, అది పోదు.

"ఇంతకీ ఉంగరంలోకి పనికొస్తుందా?" అని మేం అడిగిన ప్రశ్నకి మీ వాడు ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేదు, మేమే చెబుతాం. గోమేధికం కూడా గార్నెట్ జాతిదే. మన కొండల్లోది దానికి దాయాది, కాకపోతే ఒళ్లంతా పగుళ్లు, సాన పెడితే చేతిలో ముక్కలవుతుంది. తీరంలోది గరుకు కాగితాలకీ, నీటి ధారతో ఉక్కు కోసే యంత్రాలకీ పోతుంది. పాడేరులో దొరికే సఫిరిన్ అనే ఖనిజానికి పరిశోధకుల్లో గొప్ప పేరుంది. అది నీలమణి కాదు, దాని పేరు విని మేం ఆశపడ్డ మాట నిజం.

కావున మా విన్నపం ఏమనగా, ఇకపై లెన్సు రావచ్చు, అయస్కాంతం రావచ్చు, స్టీలు పళ్లెం మేమే తెస్తాం. పొద్దున్న ఆరింటికి బయల్దేరి ఎండెక్కకముందే తొమ్మిదికి ఇల్లు చేరాలి. మనిషికి లీటరున్నర నీళ్లు. మీరు ఇంటి దగ్గర ఉండండి.

ఇంటి దగ్గర పనేం లేదనుకోకండి. హాల్లో క్యాలెండరుకి మేకు కొట్టాలి, సంక్రాంతి నుంచి అడుగుతున్నాం. గట్టి ఉక్కు మేకుల్ని రాతి సుత్తితో కొట్టకూడదని మీ వాడు రూలు చెప్పాడు. విచారిస్తే ఆ రూలు నిజమేనట. అందుకని పూర్ణామార్కెట్లో మామూలు సుత్తి ఒకటి కొన్నాం. అదిప్పుడు కనబడట్లేదు. కారు డిక్కీలో ఉందేమో ఒకసారి చూడండి.

ఇట్లు,
ముందు సీటు