చిన్న సార్ చెమటోడ్చిన వైనం

ఈ మధ్య ఎవరిని కదిపినా ఒకటే మాట. ఫలానా కుర్రాడు వాళ్ళ నాన్న కంపెనీ ఉంది కాబట్టి పైకొచ్చాడట, లేకపోతే ఎక్కడుండేవాడట. వ్యాపార కుటుంబాల పిల్లల్ని ఇంత తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు వాళ్ళ కష్టం ఎన్నడూ దగ్గర్నుంచి చూసి ఉండరు. నేను చూశాను. షేర్లు స్టాక్ మార్కెట్‌లో కొనుక్కోగలిగే ఒక లిస్టెడ్ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నాను. చైర్మన్‌గారి అబ్బాయి, మేమంతా చిన్న సార్ అని పిలుచుకునే యువ పారిశ్రామికవేత్త, అట్టడుగు నుంచి ఎదగడం కళ్ళారా చూశాను. అట్టడుగు అని ఊరికే అనడం లేదు. ఆయనకు మొదటి క్యాబిన్ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే వేశారు.

చదువు పూర్తిచేసి వచ్చీ రాగానే చైర్మన్‌గారు కుండబద్దలు కొట్టారు. "మా వాడికి ఏ ప్రత్యేకతా వద్దు, అందరిలాగే మేనేజ్‌మెంట్ ట్రెయినీగా చేరతాడు" అని. ఈ మాట చెప్పడానికి డిపార్ట్‌మెంట్ హెడ్‌లందరినీ పిలిచి మీటింగ్ పెట్టారు. మిగతా ట్రెయినీలు చేరినప్పుడు ఇలాంటి మీటింగ్ పెట్టిన గుర్తు లేదు.

మూడు వారాలు ఫ్యాక్టరీలో శిక్షణ. తెల్ల హెల్మెట్, దాని మీద పీకని ధర స్టిక్కర్. ఆ ఫోటోనే వార్షిక నివేదిక ఆరో పేజీలో వేశాం. స్టోర్స్ ఇన్‌చార్జి ఆయన వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. "నన్ను చూసి లేవకండి, నేనిక్కడ స్టూడెంట్‌ని" అని చిన్న సార్ ఎంతో వినయంగా అనేవారు. ఆ వినయానికి చలించిపోయి పక్కవాళ్ళు కూడా లేచేవాళ్ళు. అలా ఆయన తిరిగినన్నాళ్ళూ ఎవరూ కూర్చోలేదు. ఉత్పత్తి కాస్త తగ్గిందనుకోండి, వర్షాల వల్ల అని రాశాం.

అసలు పరీక్ష శిక్షణ అయ్యాక వచ్చింది. ప్రతి ట్రెయినీ మీదా ప్లాంట్ మేనేజర్ అప్రైజల్ ఫారం నింపాలి. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి ఆయన, బాయిలర్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలడు. ఆ రాత్రి ఫారం ముందేసుకుని పదకొండింటిదాకా కూర్చున్నాడు. అన్ని గడుల్లో 'అత్యుత్తమం' అని టిక్ పెట్టగలిగాడు గానీ 'మెరుగుపరచుకోవలసిన అంశాలు' అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ఖాళీగా వదిలేస్తే పక్షపాతం అంటారు. రాస్తే ఏమంటారో తెలియదు. చివరికి రాశాడు: 'అతిగా శ్రమిస్తున్నారు. ఆరోగ్యం విషయంలో శ్రద్ధ చాలదు.' ఇంత నిష్కర్షగా విమర్శించే ధైర్యం మా కంపెనీలో ఉందంటే నాకు గర్వంగా ఉంటుంది.

జీతం దగ్గర కూడా చట్టానికి వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. 2013 కంపెనీల చట్టం 188వ సెక్షన్, దాని కింద రూల్స్ ప్రకారం డైరెక్టరుగారి బంధువును నెలకు రెండున్నర లక్షలు దాటిన జీతం మీద ఉద్యోగంలో పెట్టుకుంటే వాటాదారుల ఆమోదం తీసుకోవాలి. తీర్మానం మీద కుటుంబం ఓటెయ్యకూడదు కూడా. చిన్న సార్ జీతం 2,49,000గా ఖరారైంది. నెలకు వెయ్యి రూపాయల త్యాగం. మిగతా ట్రెయినీలు ఇంతటి త్యాగం చేసే స్థితిలో లేరన్నది వేరే సంగతి.

రెండేళ్ళకు ఆయనకు తండ్రి నీడ బరువనిపించింది. "నా కాళ్ళ మీద నేను నిలబడాలి" అని స్టార్టప్ పెట్టారు. మా బిల్డింగ్‌లోనే నాలుగో అంతస్తు. పెట్టుబడి మేనమామది, మొదటి కస్టమర్ మా కంపెనీ. చాలాకాలం రెండో కస్టమర్ కోసం వెతుకులాట సాగింది. నెలాఖరున వాళ్ళ ఇన్‌వాయిస్ మా టేబుల్ మీదికి వచ్చేది. ఏం సర్వీస్ చేశారో కాలమ్‌లో 'డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్' అని ఉండేది. అది ఏ ఖర్చు కింద రాయాలో తెలియక నేనొకసారి అడిగాను. ఆ తర్వాత అడగలేదు.

మూడేళ్ళకు స్టార్టప్ మూతపడింది. మామూలు కుర్రాడికైతే అప్పులవాళ్ళ ఫోన్లు, పెళ్ళిచూపుల్లో తలవంపులు. చిన్న సార్‌కి అనుభవం మిగిలింది. వైఫల్యం తనకెంత నేర్పిందో చెప్పమని కాలేజీలవాళ్ళు పిలిచి శాలువా కప్పారు. నేనూ ఒక సభకు వెళ్ళాను, వెళ్ళమన్నారు కాబట్టి. "పడిపోవడానికి భయపడకండి" అని ఆయన అంటుంటే పిల్లలు నోట్సు రాసుకున్నారు. కింద పరుపు ఎవరు పరిచారని ఎవరూ అడగలేదు. ప్రశ్నలకు టైం లేదన్నారు.

ఇలాంటి యువత కోసం మన దేశం చేసిన ఏర్పాట్లు తక్కువవి కావు. 1953లో ఎస్టేట్ డ్యూటీ అని ఒకటి తెచ్చారు, పోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను. ఒక దశలో 20 లక్షలు దాటిన భాగం మీద 85 శాతం దాకా వెళ్ళింది. వసూలయ్యేది కాస్త, వసూలు ఖర్చు అంత, దావాలు అంతకంటే ఎక్కువ. 1985లో రద్దు చేశారు. ఇప్పుడు స్నేహితుడు జాలిపడి ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే అది మీ ఆదాయం, పన్ను కట్టాలి. నాన్న యాభై కోట్లు ఇస్తే పైసా అక్కర్లేదు. బంధుప్రేమకు మన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గౌరవం అది. స్నేహాలు తగ్గించుకుని తల్లిదండ్రుల్ని జాగ్రత్తగా ఎంచుకోమని దీని భావం. పెట్టి పుట్టాలి అని పెద్దలు అనేది కూడా అదే.

ఇక ఎండీ, అంటే మేనేజింగ్ డైరెక్టర్ పదవి. ఇది మాత్రం ఎవరో ఇచ్చేస్తే వచ్చేది కాదు. లిస్టెడ్ కంపెనీలో పెద్ద పదవులకు మనుషుల్ని సిఫారసు చేసే నామినేషన్ అండ్ రెమ్యూనరేషన్ కమిటీ ఉంటుంది, అందులో యజమానులతో ఏ సంబంధమూ ఉండకూడని స్వతంత్ర డైరెక్టర్లు ఉంటారు. మా కమిటీ నాలుగు నెలలు గాలించింది. ఒక కన్సల్టెన్సీకి డబ్బిచ్చి దేశమంతా వెతికించింది. ఆ చెక్కు నేనే తయారుచేశాను. వెతికి వెతికి చివరకు తగిన మనిషి పక్క గదిలోనే ఉన్నాడని కనిపెట్టారు. స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరు, చైర్మన్‌గారితో ముప్ఫై ఏళ్ళుగా గోల్ఫ్ ఆడుతున్న పెద్దమనిషి, "కళ్ళెదుటే ఉంటే కనపడలేదు చూశారా" అని ఆశ్చర్యపోయారట. వాటాదారుల ఆమోదం కూడా లాంఛనంగా జరిగింది. సగానికి పైగా వాటా ఇంట్లోనే ఉంది కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేకపోయింది.

మధ్యలో ఒక గండం వచ్చి తప్పింది. మార్కెట్ విలువలో మొదటి 500 లిస్టెడ్ కంపెనీల్లో చైర్మన్, ఎండీ వేరువేరుగా ఉండాలి, ఇద్దరూ బంధువులై ఉండకూడదు అని స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2018లో రూలు పెట్టింది. మేం ఆ జాబితా చివర్లో ఎక్కడో ఉన్నాం. చైర్మన్‌గారికి నిద్ర పట్టలేదు. కొడుకును వదులుకోవాలా, కుర్చీ వదులుకోవాలా? 2020 ఏప్రిల్ నుంచి అన్నారు, తర్వాత 2022 ఏప్రిల్‌కి జరిపారు. తీరా ఆ గడువు రెండు నెలల్లో ఉందనగా, ఫిబ్రవరిలో, ఇష్టమైతేనే పాటించండి అన్నారు. మా వాళ్ళు బాగా ఆలోచించారు. ఇష్టం లేదని తేలింది.

చిన్న సార్ ఎండీ అయిన మొదటి వారంలోనే సంస్కరణలు మొదలయ్యాయి. అంతకు ముందు నెలలో మావాడి బయోడేటా హెచ్ఆర్‌లో ఇచ్చి ఉన్నాను. బీకాం ఫస్ట్ క్లాస్, ట్రెయినీ పోస్టు. దాని జవాబుగా కాదులెండి, కంపెనీ అంతటికీ ఒక సర్క్యులర్ వచ్చింది. నియామకాల్లో పక్షపాతానికి తావుండకూడదని, ప్రతిభ ఒక్కటే కొలమానమని, ఉద్యోగుల పిల్లల్ని, బంధువుల్ని ఇకపై ఏ పోస్టుకూ తీసుకోబోమని. అడుగున రెండు సంతకాలు, ఒకటి చైర్మన్‌ది, ఒకటి మేనేజింగ్ డైరెక్టర్‌ది. టైపు చేసిన అమ్మాయి మా సెక్షనే. ఇంటిపేరు ఒక్కసారే కొట్టి రెండోచోట కాపీ చేశానంది.