అసలు మ్యూజియం ఆ పొలంలోనే ఉంది

సెప్టెంబరులో ఆటోజంబుల్ అనే పాత కారు సామాన్ల సంత జరిగే రోజుల్లో ఇంగ్లండ్‌లోని బ్యూలీకి వెళ్తే, ముందు నేషనల్ మోటార్ మ్యూజియంలోకి వెళ్లకండి. బయట పొలంలోకి నడవండి. బూట్లు వేసుకోండి, వాన పడితే అంతా బురదే.

మ్యూజియం కథ చాలామందికి తెలిసిందే. తండ్రి జ్ఞాపకార్థం బ్యూలీ జమీందారు ఎడ్వర్డ్ మాంటేగు 1952లో ఇంటి హాల్లో కొన్ని పాత కార్లు పెట్టి మొదలుపెట్టాడు, 1972లో అది నేషనల్ మ్యూజియం అయింది. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఆ రెండూ కాదు, 1967లో ఈ పాత సామాన్ల సంత పెట్టడం.

పొలమంతా టార్పాలిన్లు. వాటి మీద లూకాస్ లైట్లు, ఎస్‌యూ కార్బ్యురేటర్లు, స్మిత్స్ మీటర్లు, స్పార్క్ పుట్టించే మాగ్నెటోలు, దేనివో అమ్మేవాడికే తెలియని ఇనప ముక్కలు. కొనేవాళ్లు కొందరు తమకు కావలసిన పార్టు పేరు అట్టముక్క మీద రాసి వీపుకి తగిలించుకుని తిరుగుతారు. ఒకాయన తుప్పు పట్టిన గొట్టాన్ని పది నిమిషాలు తిప్పి తిప్పి చూశాడు. చివరికి జేబులోంచి ఒక బోల్టు తీసి అందులో బిగించాడు. మర పట్టింది. ఆయన మొహం చూడాలి!

ఆ మర ఊరికే పట్టలేదు. బ్రిటిష్ ఇంజినీర్ జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బోల్టు, నట్టు మరలకు ఒక కొలత ప్రతిపాదించాడు. అప్పటిదాకా ఏ వర్క్‌షాపు మర దానిదే. అది కాస్తా ఉమ్మడి కొలత కావడంతో, ఎవరో చేసిన బోల్టు ఇంకెవరో చేసిన నట్టులోకి వెళ్తుంది, కొలతలు కుదిరితే చాలు. కంపెనీ మూతపడినా కారు బతికేది అందుకే.

ఇలా పార్టులు మార్చి కారు నడపడానికి మ్యూజియం వాళ్లు కొందరు ఒప్పుకోకపోవచ్చు. పార్టులన్నీ మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది పాత కారేనా, దాని నకలా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు వాళ్ల హాల్లోనే ఉంది. బ్రిటిష్ రేసర్ మాల్కం క్యాంప్‌బెల్ 1925లో గంటకు 150 మైళ్లు దాటించిన సన్‌బీమ్ కారు ఇంజిన్ 1993లో పాడైంది. దాన్ని అలాగే అద్దాల వెనక ఉంచేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఏళ్ల తరబడి కూర్చుని బాగుచేసి 2014లో మళ్లీ స్టార్ట్ చేశారు. కదలని కారు గడ్డి కూరిన పులి లాంటిదని వాళ్లకూ తెలుసు.

నాకు టెన్షన్ మ్యూజియం గురించి కాదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయనంతవరకు, రోడ్డు పన్ను లేదు, ఏటా చేసే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ఆ గీత ఏడాదికో అడుగు ముందుకు జరుగుతోంది, అంటే కంప్యూటర్ ఉన్న కార్ల వైపు. నేటి కార్లలో చాలా ఎలక్ట్రానిక్ పార్టులు ఊరికే బిగిస్తే పనిచేయవు, కంపెనీ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టాలి. స్పానర్ ఉంది, చేయి తిరిగిన మెకానిక్ ఉన్నాడు, పాస్‌వర్డ్ లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు ఈ గొడవ మీద రెండుసార్లు, 2012లో, 2020లో, రిపేరు హక్కుకే ఓటేశారు. కార్ల కంపెనీలు మాత్రం కోర్టుకెళ్లాయి. సెక్యూరిటీ కోసమే అంటారు. డబ్బిచ్చి కొన్న బండి కంప్యూటర్ డబ్బా నేను విప్పితే ఎవరి సెక్యూరిటీకి ముప్పో నాకింకా అర్థం కాలేదు.

2067కి ఆటోజంబుల్ పెట్టి నూరేళ్లవుతుంది. అదే పొలం, అదే బురద. టార్పాలిన్ మీద వరసగా నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు. కొనడానికొచ్చినాయన ఒకటి తీసి, "ఇది నా కారుకి పనికొస్తుందా?" అంటాడు.

"ఏ కారులోంచి తీశారో ఆ కారుకే పనికొస్తుంది సార్."

"ఆ కారు ఎక్కడుంది?"

"తుక్కుకి వెళ్లిపోయింది."